ఆరు మగ్గాల సాక్ష్యం

2021 ఆగస్టులో నన్ను కల్యాణదుర్గం నుంచి ధర్మవరానికి బదిలీ చేశారు. చేనేత జౌళి శాఖలో అభివృద్ధి అధికారిగా అదే నా చివరి పోస్టింగు. మా శాఖకు జిల్లాలో పెద్ద సహాయ సంచాలకులు. ఆయన కింద అభివృద్ధి అధికారి, ఆ కింద సహాయ అభివృద్ధి అధికారులు. మగ్గాలు లెక్కపెట్టడం, పథకాలకు అర్హుల జాబితాలు రాయడం, సహకార సంఘాల పుస్తకాలు తనిఖీ చేయడం మా పని. ముప్పై మూడేళ్ల సర్వీసులో సాక్షిగా నేను బోనెక్కింది ఒక్కసారే. ఎనిమిదేళ్ల పాప పోషణకు తండ్రి ఎంత ఇవ్వాలో తేల్చే కేసు అది.

2022 ఫిబ్రవరిలో పెనుకొండ మేజిస్ట్రేటు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. గిరిధర్ అనే ధర్మవరం నేతగాడు, అతని నుంచి విడిపోయి సోమందేపల్లెలో అన్న ఇంట్లో ఉంటున్న భార్య సుజాత, ఇద్దరికీ సంబంధించి మా కార్యాలయంలో ఉన్న రికార్డులు తీసుకొని వచ్చి సాక్ష్యం చెప్పమని అందులో ఉంది. సుజాత తనకేమీ అడగలేదు. కూతురు హర్షిత కోసం మాత్రమే, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద, నెలకు ఇరవై వేలు ఇప్పించమని కోరింది.

ఇలాంటి కేసుల్లో ఇరుపక్షాలూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు చూపుతూ ప్రమాణపత్రం దాఖలు చేయాలి. దేశంలోని కోర్టులన్నిటికీ సుప్రీంకోర్టు పెట్టిన నియమం ఇది. సుజాత పత్రంలో, భర్త నెలకు లక్ష సంపాదిస్తాడని, తనకు ఆదాయం లేదని ఉంది. గిరిధర్ పత్రంలో, తాను ఒకరి దగ్గర కూలికి నేసేవాడినని, నెలకు తొమ్మిది వేలకు మించి రాదని, ముసలి తల్లిని తానే చూసుకోవాలని, పాపకు రెండు వేలు ఇవ్వగలనని ఉంది. లక్షకూ తొమ్మిది వేలకూ మధ్య ఎక్కడో నిజం ఉండాలి. జీతగాడైతే పే స్లిప్పు చూస్తే సరిపోతుంది. చేతిపని చేసేవాడి ఆదాయానికి అలాంటి కాగితం ఉండదు. అందుకే సుజాత తరఫు వకీలు ఉమాదేవి గారు మా శాఖను సాక్షిగా పిలిపించారు. న్యాయసేవల సంస్థ ఉచితంగా ఏర్పాటు చేసిన వకీలు ఆమె.

రిజిస్టర్లు పట్టుకొని వెళ్లి, అందులో ఉన్నది చదివి వచ్చేస్తే నా బాధ్యత తీరిపోయేది. కానీ గిరిధర్ పేరు మీద మా దగ్గర ఉన్న నమోదు రెండేళ్ల కిందటిది. సొంత మగ్గం ఒకటి ఉన్నట్టు అతనే దరఖాస్తు పెట్టి ప్రభుత్వ సాయం తీసుకున్నాడు. కోర్టులో కూలివాడినంటున్నాడు. ఈ రెండిట్లో ఇవాళ ఏది నిజమో చూడకుండా ప్రమాణం చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేకపోయింది. సహాయ సంచాలకుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకొని, మా సహాయ అభివృద్ధి అధికారి ఖాదర్‌ను వెంటబెట్టుకొని బయల్దేరాను.

గిరిధర్ ఇంట్లో గుంటమగ్గం ఉంది. దాని మీద పడుగు లేదు. కాళ్లు పెట్టుకునే గుంటలో దుమ్ము పేరుకొని ఉంది. ఆరు నెలలుగా ఆ మగ్గం ఆడలేదని చూడగానే తెలిసిపోయింది. గిరిధర్ ఇంట్లో లేడు. వాళ్లమ్మను అడిగితే, కొడుకు ఇంకొకరి ఇంట్లో నేస్తాడో లేదో ఆమె చెప్పలేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం కార్యాలయంలో కూర్చొని పట్టు రాయితీ రిజిస్టరు మొదటి నుంచి తిరగేశాం. పట్టు కొనుగోలుపై రాయితీ పొందే ప్రతి నేతగాడి పేరు ఎదురుగా, అతను ఎవరికి నేస్తున్నాడో రాసే గడి ఒకటి ఉంటుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని గడి అది. అందులో ఆరుగురి పేర్లకెదురుగా గిరిధర్ పేరు కనిపించింది. అంటే ఆ ఆరుగురికీ పట్టు, జరీ ఇచ్చి, కూలి ఇచ్చి, చీరలు తీసుకుంటున్నది అతనే. మా ఊళ్లో అలాంటివాణ్ని మాస్టర్ వీవరు అంటారు. కూలివాడు కాదు, కూలి ఇచ్చేవాడు.

మరుసటి రెండు రోజులూ ఆ ఆరు ఇళ్లకూ తిరిగాం. ఎందుకు వచ్చామో దాచలేదు. ఇద్దరు నోరు విప్పలేదు. లక్ష్మమ్మ అనే పెద్దామె మాత్రం మగ్గం ఆపకుండానే చెప్పింది.

"గిరి దగ్గర్నే పట్టు తెచ్చుకుంటాండా సార్. అట్టలు గూడా ఆయప్పవే. అట్టలంటే మీకు తెల్సుగదా, పైన జాకార్డుకు కట్టేవి. అంచు మీద బొమ్మ దిగేది వాటితోనే. ఆయప్ప గీసినంత సక్కగా ఈ ఊర్లో ఇంకెవరు గీస్తారు?"

ఆమె మగ్గం మీద ఉన్న చీర అంచు చూశాను. వేరుశనగ ఆకులు రెండేసి జంటగా, వాటి నడుమ చిన్న పసుపు పువ్వు. నేను పుట్టింది కంబదూరు దగ్గర మెట్టసేద్యపు ఊళ్లో. వేరుశనగ పంట చూస్తూ పెరిగాను. ఆ మొక్కను చీర అంచు మీద అంత ముచ్చటగా చూడడం అదే మొదటిసారి. గిరిధర్ మామూలు పనివాడు కాదని నాకు అప్పుడే అర్థమైంది.

నాలుగో రోజు గిరిధర్ తనంతట తానే కార్యాలయానికి వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏం సార్, మీరు మగ్గపోళ్ల ఆఫీసరా, కోర్టు ఆఫీసరా?" అన్నాడు.

మగ్గపోళ్ల ఆఫీసరునే, కోర్టు పిలిచింది కాబట్టి పోతున్నాను, చూసింది చెప్తాను అన్నాను.

"నా బిడ్డకు నేను పెట్టనంటినా సార్? ఆమె కోర్టుకు పోయినాక నాకు కోపం వచ్చినాది. అదొకటి. ఆరు మగ్గాలని మీరు ఆడ చెప్తే నా రేషన్ కార్డు పోతాది, మా యమ్మ పింఛను పోతాది, రాయితీ పోతాది. అది మీకు తెల్దా?"

అతని భయం ఉత్తిది కాదు. ఆదాయం ఇంత దాటితే ఈ సాయం రాదు అనే హద్దులు ఎన్నో పథకాలకు ఉన్నాయి. మా ప్రాంతంలో మనిషి తన సంపాదన తగ్గించి చెప్పడానికి సగం కారణం ఇదే. అబద్ధం ఒకచోట మొదలుపెడితే అదే మాట అన్నిచోట్లా చెప్పాల్సి వస్తుంది. ఆ మాటే అతనితో అన్నాను. మంచి నెలలతో పాటు చెడ్డ నెలలు కూడా చెప్తాను, నీకు మిగలనిది మిగిలినట్టు చెప్పను అని కూడా అన్నాను. అతను వెంటనే వెళ్లిపోయాడు.

ఇక సుజాత సంగతి. ఆమెకూ మగ్గం ఉందని గిరిధర్ వకీలు కోర్టులో మెమో వేశారు. సమన్లలో ఇద్దరి పేర్లూ ఉండడానికి కారణం అదే. ఒకరి ఇంటికి వెళ్లి చూసి, రెండో ఇంటికి వెళ్లకపోవడం సరికాదు. సోమందేపల్లె వెళ్లాను.

అన్న ఇంటి వెనుక రేకుల కొట్టంలో మగ్గం ఉంది. రికార్డు ప్రకారం అన్నది. నేస్తున్నది మాత్రం సుజాతే. నేను వెళ్లేసరికి పేక పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తుతోంది. నన్ను చూసి ఆపింది. ప్రమాణపత్రంలో తనకు ఆదాయం లేదని వకీలు రాశారన్న సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె అన్న ముందుకొచ్చి, మగ్గం తనదేనని, చెల్లెలు ఊరికే చెయ్యి సాయం చేస్తుందని చెప్పబోయాడు. నేను ఇంకా పుస్తకం తెరవలేదు.

సుజాత అన్నను ఆపింది. "వద్దులే అన్నా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "రాయండి సార్. నేనే నేస్తాండా. నెలకు నాలుగు చీరలు దిగుతాయి. తొమ్మిదివేల దాకా వస్తాది. పదేళ్లప్పుడు మా నాయన నేర్పించిన పని. నా చేతిపని లేదని నేనే ఎట్ల చెప్పేది?"

ఇది రాస్తే కేసులో ఇబ్బంది కావచ్చునని, ముందు వకీలుతో మాట్లాడుకోమని సలహా ఇచ్చాను. సలహా ఇవ్వడం నా పని కాదు. అయినా ఇచ్చాను. ఆమె తల అడ్డంగా ఊపి, పడుగు మీద తెగిన పోగు ముడివేసి మళ్లీ నేతలో పడింది. నేను చూసింది చూసినట్టు రాసుకున్నాను.

తర్వాత తెలిసింది, ఉమాదేవి గారు చాలా కోప్పడ్డారట. వాయిదా ముందు కోర్టు వరండాలో నన్ను చూసి, "మీరు మా సాక్షి అనుకున్నా, ఇప్పుడు మా కేసుకే గండి కొట్టారు," అన్నారు. కానీ ఆమె నిజాయితీ గల వకీలు. సుజాత పత్రం సవరించి, తొమ్మిది వేల ఆదాయం చూపిస్తూ కొత్త ప్రమాణపత్రం దాఖలు చేశారు.

ఆ ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. ధర్మవరం, పెనుకొండ, సోమందేపల్లె అన్నీ కొత్త జిల్లాలోకి వెళ్లాయి. మా ఫైళ్లు సంచుల్లో కట్టి, మళ్లీ విప్పే సందడిలో నా వాయిదా జులైకి పోయింది. ఈలోగా పాపకు నెలకు మూడు వేలు ఇవ్వమని మేజిస్ట్రేటు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు.

జులైలో ముందు సుజాతను బోనులోకి పిలిచారు. గిరిధర్ వకీలు అడ్డుప్రశ్నలు మొదలుపెట్టారు. మొదటి పత్రంలో ఆదాయం లేదన్నావు, రెండో పత్రంలో తొమ్మిది వేలన్నావు, ఏది నమ్మాలి అని అడిగారు. రెండోది నమ్మండి, మొదటిది తప్పు అని ఆమె ఒప్పుకుంది. అయితే సంపాదించుకుంటున్నావు కదా, పాపను నువ్వే చూసుకోవచ్చు కదా అన్నారాయన.

"చూసుకుంటానే ఉండా సార్," అంది సుజాత. "పాప నా ఒక్కదాని బిడ్డ కాదు గదా."

మేజిస్ట్రేటు, ముప్పై దాటని ఆడపిల్ల, ఆ మాటను స్టెనోతో అక్షరం పోకుండా రాయించారు. అడ్డుప్రశ్నలు అంతటితో ఆగిపోయాయి.

తర్వాత నేను. రికార్డులో పి.డబ్ల్యు. రెండు, అంటే పిటిషనర్ వైపు రెండో సాక్షి. రిజిస్టర్ల నకళ్లకు, నా తనిఖీ నివేదికకు వరుస నంబర్లు పడ్డాయి. ఉమాదేవి గారు అడిగింది నేరుగా: గిరిధర్ నెల ఆదాయం ఎంత?

అతని ఆదాయం నాకు తెలియదన్నాను. ఆమె ముఖం మారింది. నేను చూసింది చెప్తానన్నాను. ఆరు మగ్గాలు అతని పట్టుతో ఆడుతున్నాయి. ఒక్కో మగ్గం మీద నెలకు ఐదు చీరలు దిగుతాయి, మొత్తం ముప్పై. ఆ రకం చీరకు పట్టు, జరీ, కూలి, అద్దకం పోను, ఈ ఊళ్లో చిన్న మాస్టర్ వీవరుకు వెయ్యి నుంచి పన్నెండు వందల దాకా మిగులుతుంది. అమ్ముడుపోని చీరలు, ఆలస్యంగా వచ్చే డబ్బు, పట్టు ధర పెరిగే నెలలు తీసేస్తే సగటున ముప్పై వేలు అనుకోవచ్చు. లక్ష మాత్రం కాదు. తొమ్మిది వేలూ కాదు.

గిరిధర్ వకీలు లేచారు. ఇదంతా మీ ఊహే కదా అన్నారు. లెక్క నాది, మగ్గాలు ఊహ కాదు, ఏ రోజు ఏ ఇంట్లో చూశానో నివేదికలో ఉంది అన్నాను. మీరు పిటిషనర్ మీద సానుభూతితో వచ్చారు కదా అన్నారు. ఆమె మగ్గం గురించి కూడా రాసింది నేనే అన్నాను. ముప్పై మూడేళ్లు మగ్గాల గుంటల పక్కన నిలబడి నేర్చుకున్నది ఆ పావుగంటలో పనికొచ్చింది. ఆ రోజు నా జవాబుల్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవాల్సి రాలేదు. అది ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఆయన చివరిగా లక్ష్మమ్మ నేసిన చీరను అందుకున్నారు. ఉమాదేవి గారు దాన్ని తెప్పించి అంతకుముందే ఎగ్జిబిట్‌గా పెట్టారు. వకీలు గారు ఆ అంచు నాకు చూపిస్తూ, ఇది ఎక్కడైనా దొరికే డిజైన్ అని, కంచి నుంచి సేలం దాకా ప్రతి బజారులో అట్టలు అమ్ముతారని, తన కక్షిదారుకూ దీనికీ సంబంధం లేదని అన్నారు. అవునా కాదా చెప్పమన్నారు.

నేను నోరు తెరవకముందే వెనక బెంచీ నుంచి మాట వినిపించింది.

"యాడా దొరకదు సార్. అది నేను గీసింది."

గిరిధర్ లేచి నిలబడి ఉన్నాడు. తన వకీలు చేతిలోని చీర వైపే చూస్తున్నాడు. "మా నాయన చేను చూసి గీసినా. నాలుగు నెలలు పట్టినాది. బజారు సరుకు అనొద్దండి."

మేజిస్ట్రేటు అతన్ని కూర్చోమన్నారు. మీ వంతు వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు అన్నారు. వకీలు చీర మడిచి బల్ల మీద పెట్టి, ఇక ప్రశ్నలు లేవన్నారు.

వారం తర్వాత గిరిధర్ వంతు వచ్చింది. ఆ రోజు నేను లేను. తర్వాత ఉత్తర్వు చదివి తెలుసుకున్నాను. డిజైన్ తనదేనని, ఆరు మగ్గాలూ తన పట్టుతోనే ఆడుతున్నాయని అతను ఒప్పుకున్నాడు. మంచి నెలలో ముప్పై ఐదు వేలు, చెడ్డ నెలలో ఇరవై వస్తాయని తానే చెప్పాడు. నా లెక్కకూ అతని మాటకూ పెద్ద తేడా లేదు.

ఉత్తర్వు పదకొండు పేజీలు. పాప బడి, తిండి, బట్టలు, మందులు కలిపి నెలకు పదకొండు వేలు అవసరమని కోర్టు తేల్చింది. తల్లి సంపాదిస్తున్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరదని, అలాగని మొత్తం భారం తండ్రి మీదే వేయడం కూడా సరికాదని రాసింది. ఇద్దరి ఆదాయాల నిష్పత్తిని, గిరిధర్ తల్లి బాధ్యతను చూసి, తండ్రి ఎనిమిది వేలు, మిగతా మూడు వేలు తల్లి అని పంచింది. పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. మధ్యంతరంగా ఇచ్చింది పోను మిగిలిన బాకీ ఆరు వాయిదాల్లో కట్టాలి. మొదటి పత్రంలోని తప్పును తానే సరిదిద్దుకున్నందున పిటిషనర్ సాక్ష్యం నమ్మదగినదని ఒక వాక్యం ఉంది. ఉమాదేవి గారు ఆ వాక్యం కింద గీత గీసి నాకు నకలు పంపారు.

గిరిధర్ డబ్బు కట్టాడు. భయపడినట్టే అతని కార్డు పోయింది. తల్లి పింఛను మాత్రం విచారణ తర్వాత నిలబడింది. ఒకసారి కార్యాలయానికి వచ్చి, డిజైన్‌ను తన పేరున నమోదు చేయించుకునే దారి ఉందా అని అడిగాడు. దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను. కేసు సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2023లో నేను రిటైరయ్యాను. ఆ తర్వాత ఏడాదికి ఉమాదేవి గారు ఫోన్ చేసి మిగతా కథ చెప్పారు. పట్టు ధర బాగా పెరిగి గిరిధర్ రెండు మగ్గాలు ఆపేశాడు. పరిస్థితులు మారితే భరణాన్ని మార్చమని అడిగే హక్కు చట్టంలో ఉంది. ఆ ప్రకారం తగ్గించమని కోర్టుకు వెళ్లాడు. ఈసారి కొనుగోలు బిల్లులు, కూలి పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు అన్నీ తానే పట్టుకెళ్లాడు. అభ్యంతరం ఉందా అని మేజిస్ట్రేటు సుజాతను అడిగారు. "నాలుగు మగ్గాలే ఆడతాండేది నిజమే మేడం. లక్ష్మమ్మ చెప్పింది. ధర దిగినాక మళ్లీ ముందు మాదిరిగా ఇయ్యాల," అని ఆమె చెప్పింది. ఆరున్నర వేలకు తగ్గించారు. మగ్గాలు మళ్లీ ఆరైన నెల నుంచి పాత మొత్తం వర్తించేట్టు రాశారు. ఒకే వాయిదాలో అయిపోయింది. మా శాఖ నుంచి సాక్షిని పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

కొత్తగా చేరిన అధికారులు అడిగితే ఈ కేసు గురించి చెప్తుంటాను. రిజిస్టరులో ఎవరూ చూడని గడిని కూడా సరిగ్గా నింపాలి. ఎప్పుడో ఒక బిడ్డ తిండి దాని మీద ఆధారపడవచ్చు. సంతకం పెట్టే ముందు మగ్గం దగ్గరికి వెళ్లి చూడాలి. తండ్రి మగ్గాలు లెక్కపెడితే తల్లి మగ్గాన్నీ లెక్కపెట్టాలి. తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదనాలి. ఆ తర్వాత తీర్పు కోర్టు పని.